కారు ఇండికేటర్లు పనిచేయనప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా: సమగ్ర మార్గదర్శి

కారు ఇండికేటర్ ఆగిపోగానే చాలామంది నేరుగా స్పేర్స్ దుకాణానికి వెళ్లి ఫ్లాషర్ రిలే (దీపాలు కొట్టుకునేలా కరెంటును తెంచుతూ కలిపే చిన్న పెట్టె) కొనుక్కొస్తారు. అది చవక, మార్చడం తేలిక, పైగా ఇండికేటర్ అనగానే అందరికీ ముందు గుర్తుకొచ్చే పేరు అదే. ఒకప్పుడు నేనూ అదే చేశాను. పదేళ్లు దాటిన నా చిన్న కారులో రెండు వైపులా ఇండికేటర్లు ఆగిపోతే వరుసగా రెండు రిలేలు మార్చాను. అసలు లోపం డ్యాష్‌బోర్డు మధ్యనున్న ఎర్ర త్రికోణం బటన్‌లో ఉందని మూడో వారానికి గానీ నాకు తెలియలేదు. ఆ బటన్‌ను మొదటి రోజే ఒకసారి నొక్కి చూసి ఉంటే రిలే జోలికి వెళ్లే అవసరమే వచ్చేది కాదు. అందువల్ల ఈ వ్యాసంలో ఏ భాగాన్ని ఎలా మార్చాలన్న దానికంటే, ఏదీ విప్పకముందే లోపం ఏ భాగంలో ఉందో ఎలా పసిగట్టాలన్న దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా మన రోడ్లపై తిరిగే 12 వోల్టుల కార్ల గురించి. మారుతి 800 కాలం నాటి విడి ఫ్లాషర్ రిలే ఉన్న కార్లకు వివరంగానూ, కంప్యూటర్ మాడ్యూల్ ద్వారా దీపాలు వెలిగే కొత్త కార్లకు చివరలో విడిగానూ చెబుతాను.

కరెంటు ఏ దారిన వెళుతుంది?

పాత తరహా కారులో కరెంటు బ్యాటరీ నుంచి బయలుదేరి ఇగ్నిషన్ స్విచ్, దాని తర్వాత ఒక ఫ్యూజు దాటి, హజార్డ్ స్విచ్ (నొక్కితే రెండు వైపులా ఇండికేటర్లు ఒకేసారి కొట్టుకునే ఆ ఎర్ర త్రికోణం బటన్) గుండా ఫ్లాషర్ రిలేకు చేరుతుంది. రిలే ఆ కరెంటును తెంచుతూ, కలుపుతూ స్టీరింగ్ పక్కనున్న లివరుకు పంపితే, లివరు దాన్ని ఎడమవైపుకో కుడివైపుకో మళ్లిస్తుంది. అక్కడి నుంచి ముందు బల్బు, వెనుక బల్బు, పక్కన ఫెండర్ మీదనో అద్దం మీదనో ఉండే చిన్న బల్బు, డ్యాష్‌బోర్డులోని పచ్చ బాణం గుర్తు ఒకేసారి వెలుగుతాయి. బల్బుల్లోంచి వచ్చిన కరెంటు ఎర్త్ వైరు ద్వారా కారు బాడీలోకి, బాడీ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరుతుంది.

ఈ దారిలో రెండు సంగతులను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. మొదటిది, హజార్డ్ దీపాలకు కరెంటు ఇగ్నిషన్‌తో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి, చాలా కార్లలో వేరే ఫ్యూజు ద్వారా వస్తుంది. తాళం తీసేసినా అవి వెలిగేది అందుకే. రెండవది, చాలా పాత కార్లలో మామూలు ఇండికేటర్ కరెంటు కూడా హజార్డ్ స్విచ్ లోపలి కాంటాక్టుల గుండానే వెళుతుంది. హజార్డ్ బటన్‌ను మనం ఏడాదికి ఒకసారి కూడా నొక్కకపోవచ్చు, కానీ ఇండికేటర్ వేసిన ప్రతిసారీ దాని లోపలి కాంటాక్టుల మీద భారం పడుతూనే ఉంటుంది.

ఏదీ విప్పకముందు: ఐదు నిమిషాల పరిశీలన

కారును సమతలంగా ఉన్న చోట నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. ఎడమ ఇండికేటర్ వేసి దిగి, కారు చుట్టూ తిరిగి మూడు బల్బులనూ చూడండి. తర్వాత కుడివైపు, ఆ తర్వాత హజార్డ్ బటన్ నొక్కి ఆరింటినీ చూడండి. ఏది వెలిగింది, ఏది వెలగలేదు, ఏ వేగంతో కొట్టుకుంది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఈ కాగితమే సగం పని పూర్తి చేస్తుంది.

ఒకవైపు మామూలుగా ఉండి, రెండో వైపు రెట్టింపు వేగంతో టకటకా కొట్టుకుంటుంటే ఆ వేగంగా కొట్టుకునే వైపు ఒక బల్బు పోయిందనో, దానికి కరెంటు అందడం లేదనో అర్థం. ఇది లోపం కాదు, హెచ్చరిక. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తనలోంచి ప్రవహించే కరెంటును గమనిస్తూ, అది తగ్గగానే వేగం పెంచి డ్రైవరుకు తెలియజేస్తుంది. వేడికి వంగే లోహపు పట్టీతో పనిచేసే బాగా పాతకాలపు థర్మల్ ఫ్లాషర్ అయితే ఇందుకు భిన్నంగా నడుస్తుంది: ఒక బల్బు పోతే పట్టీ వేడెక్కడానికి చాలినంత కరెంటు ప్రవహించక, మిగిలిన దీపం కొట్టుకోకుండా వెలుగుతూ ఉండిపోతుంది, లేదా చాలా నెమ్మదిగా కొట్టుకుంటుంది.

హజార్డ్ నొక్కితే అన్నీ చక్కగా కొట్టుకుంటున్నాయి కానీ లివరు వేస్తే రెండు వైపులా ఏదీ వెలగడం లేదంటే, బల్బులు, వాటి వైర్లు, ఎర్త్, విడి రిలే ఒక్కటే ఉన్న కారులో ఆ రిలే, అన్నీ బాగున్నట్టే. అప్పుడు వెతకవలసింది మూడు చోట్లే: ఇగ్నిషన్ నుంచి వచ్చే ఇండికేటర్ ఫ్యూజు, హజార్డ్ స్విచ్ లోపలి కాంటాక్టులు, లివరు స్విచ్. ఇందుకు వ్యతిరేకంగా లివరు పనిచేసి హజార్డ్ పనిచేయకపోతే హజార్డ్ ఫ్యూజును, ఆ బటన్‌ను చూడాలి. రెండూ పనిచేయకపోతే అనుమానం రిలే మీదకు, దాని ఎర్త్ మీదకు, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న హజార్డ్ స్విచ్ మీదకు వెళుతుంది.

ఎడమవైపు మొత్తం చీకటిగా ఉండి, హజార్డ్ నొక్కినప్పుడు మాత్రం ఎడమవైపు కూడా వెలుగుతుంటే లివరులో ఎడమవైపు కాంటాక్టు పోయినట్టు. హజార్డ్‌లో కూడా ఆ వైపు వెలగకపోతే ఆ వైపుకు వెళ్లే ఉమ్మడి వైరు ఎక్కడో తెగినట్టు. ఇండికేటర్ వేసినప్పుడు అదే వైపు టెయిల్ ల్యాంపు కూడా లయబద్ధంగా మసకబారుతుంటే, లేదా బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ గుడ్డిగా వెలుగుతుంటే, ఇంకేమీ చూడకుండా వెనుక దీపం ఎర్త్ దగ్గరకు వెళ్లండి.

పనిముట్లు, జాగ్రత్తలు

ఒక స్క్రూడ్రైవరు, చిన్న టార్చి, డిజిటల్ మల్టీమీటరు, సన్నని ఎమరీ పేపరు, రెండు మీటర్ల వైరు, ఒక టెస్ట్ ల్యాంపు ఉంటే చాలు. టెస్ట్ ల్యాంపును మీరే చేసుకోవచ్చు: 21 వాట్ల పాత ఇండికేటర్ బల్బు హోల్డరుకు రెండు వైర్లు కలిపి, వాటి చివర్లకు క్లిప్పులు బిగిస్తే సరిపోతుంది. ఈ పనికి మల్టీమీటరు కంటే టెస్ట్ ల్యాంపునే నేను ఎక్కువగా నమ్ముతాను. మల్టీమీటరు దాదాపుగా కరెంటు తీసుకోదు కాబట్టి, ఒకే ఒక్క పోగు మిగిలి తెగిపోబోతున్న వైరులో కూడా అది 12 వోల్టులు చూపించి మనల్ని మోసం చేస్తుంది. 21 వాట్ల బల్బుకు సుమారు 1.75 ఆంపియర్లు కావాలి. ఆ తెగబోయే వైరు అంత కరెంటు ఇవ్వలేదు గనుక టెస్ట్ ల్యాంపు గుడ్డిగా వెలిగి నిజం చెబుతుంది. పైగా కొట్టుకుంటున్న ఇండికేటర్ దగ్గర డిజిటల్ మీటరు అంకెలు నిలవవు, బల్బు మాత్రం హాయిగా కొట్టుకుంటూ కనిపిస్తుంది.

అయితే ఈ టెస్ట్ ల్యాంపును ఇండికేటర్ వైర్లకు తప్ప మరి దేనికీ తగిలించకూడదు. ముఖ్యంగా స్టీరింగ్ కింద పసుపు రంగు తొడుగుతో, పసుపు కప్లర్లతో కనిపించే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని తాకడం, గుచ్చడం, మీటరుతో కొలవడం ప్రాణాపాయం. స్టీరింగ్ చక్రాన్ని గానీ దాని కింది కాంబినేషన్ స్విచ్‌ను గానీ విప్పవలసి వస్తే, ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారులో ఆ పనిని సర్వీస్ మాన్యువల్ తెలిసిన వారికే వదిలేయండి.

మొదటి మెట్టు: బల్బులు

ముందు, వెనుక ఇండికేటర్లలో సాధారణంగా 21 వాట్ల బల్బులు, పక్క ఇండికేటర్లలో 5 వాట్ల చిన్న బల్బులు ఉంటాయి. వెనుక బల్బు చేరుకోవడానికి డిక్కీ లోపలి ప్లాస్టిక్ మూత తీయడమో, టెయిల్ ల్యాంపు స్క్రూలు విప్పి మొత్తం దీపాన్ని వెనక్కి లాగడమో చేయాలి. ముందు బల్బుకు చాలా కార్లలో బానెట్ ఎత్తితే దారి దొరుకుతుంది. కొన్నింటిలో చక్రాన్ని పక్కకు తిప్పి, చక్రం గూటిలోని ప్లాస్టిక్ తొడుగును కొంత తొలగించి చెయ్యి పెట్టాలి. హోల్డరును అపసవ్యంగా కొద్దిగా తిప్పితే ఊడి వస్తుంది. అందులోని బల్బును లోపలికి నొక్కి, మళ్లీ అపసవ్యంగా తిప్పితే బయటికి వస్తుంది.

గాజు నల్లబడినా, లోపలి తీగ తెగి ఊగుతున్నా బల్బు పోయినట్టే. కానీ బాగున్నట్టు కనిపించే బల్బు కూడా పోయి ఉండవచ్చు, ఎందుకంటే తీగ తెగిన చోట ఆ చీలిక ఒక్కోసారి కంటికి ఆనదు. మల్టీమీటరును ఓమ్‌ల స్థానంలో పెట్టి బల్బు అడుగున్న చుక్కకూ పక్కనున్న ఇత్తడి గోడకూ మధ్య కొలిస్తే, చల్లగా ఉన్న మంచి 21 వాట్ల బల్బు ఒక ఓమ్ అటూఇటుగా చూపుతుంది. మీటరు లేకపోతే పనిచేస్తున్న వైపు బల్బును ఇటు, ఇటుది అటు మార్చి చూడండి. లోపం బల్బుతో పాటు అవతలి వైపుకు వెళ్లిందంటే బల్బుదే తప్పు. ఉన్న చోటే ఉందంటే హోల్డరుదో వైరుదో.

కొత్త బల్బు కొనేటప్పుడు పాతదాన్ని చేత పట్టుకుని వెళ్లండి. నారింజ, పసుపు కలిసిన ఆ ఇండికేటర్ రంగు దీపం బయటి గాజులో ఉంటే లోపల తెల్ల బల్బు ఉంటుంది. బయటి గాజు తెల్లగా ఉంటే లోపలి బల్బుకే ఆ రంగు పూత ఉంటుంది. తెల్ల బల్బుకు రెండు పక్కల పిన్నులు సరిగ్గా ఎదురెదురుగా ఉంటే, రంగు బల్బుకు అవి కొంచెం ఒకవైపుకు జరిగి ఉంటాయి. ఒకదాని చోట మరొకటి పెట్టకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. దుకాణంలో తొందరలో తెల్లది ఇస్తే పిన్నును అరగదీసి బలవంతంగా ఎక్కించేవారిని చూశాను; ఆ దీపం తెల్లగా వెలిగి, వెనకాల వచ్చేవారికి ఇండికేటరా, రివర్స్ దీపమా అన్న అనుమానం కలిగిస్తుంది. రంగు పూత పెచ్చులుగా రాలిన బల్బు కూడా వెలుగుతున్నా సరే, మార్చవలసినదే.

రెండో మెట్టు: హోల్డరు, ఎర్త్

బల్బు మంచిదై కూడా వెలగకపోతే హోల్డరులోకి టార్చి వేసి చూడండి. అడుగున్న స్ప్రింగ్ కాంటాక్టు అణిగిపోయి ఉండవచ్చు, ప్లాస్టిక్ కరిగి పక్కకు ఒరిగి ఉండవచ్చు, అన్నిటికంటే ఎక్కువగా ఇత్తడి మీద పచ్చని కిలుము పట్టి ఉండవచ్చు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర ఊళ్లలో ఆరుబయట నిలిపే కార్లకు ఉప్పుగాలి వల్ల ఇది త్వరగా వస్తుంది. ఎక్కడైనా సరే, టెయిల్ ల్యాంపు రబ్బరు చిరిగి వాన నీరు లోపలికి దిగితే తప్పదు. ఇగ్నిషన్, హజార్డ్ రెండూ ఆపి, కిలుమును ఎమరీ పేపరుతో సున్నితంగా గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, అణిగిన స్ప్రింగును కొద్దిగా పైకి లేపండి. ప్లాస్టిక్ కరిగి ఉంటే హోల్డరు మార్చడమే మంచిది; శుభ్రం చేసినా అది మళ్లీ వేడెక్కి కరుగుతుంది.

తర్వాత ఆ వైపు ఇండికేటర్ వేసి, టెస్ట్ ల్యాంపు ఒక వైరును హోల్డరు అడుగు కాంటాక్టుకు, రెండోదాన్ని బ్యాటరీ నెగటివ్‌కు లేదా రంగు లేని శుభ్రమైన బాడీ లోహానికి తగిలించండి. ల్యాంపు ప్రకాశవంతంగా కొట్టుకుంటే కరెంటు చక్కగా వస్తోంది. ఇప్పుడు రెండో వైరును బాడీ నుంచి తీసి హోల్డరు ఎర్త్ కాంటాక్టుకు పెట్టండి. ఇక్కడ ల్యాంపు గుడ్డిగా మారితే లోపం ఎర్త్‌లోనే ఉంది.

ఎర్త్ లోపాన్ని గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మెకానిక్కులను కూడా ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. వెనుక దీపంలో టెయిల్, బ్రేకు, ఇండికేటర్, రివర్స్ బల్బులన్నింటికీ చాలా కార్లలో ఒకటే ఎర్త్ వైరు ఉంటుంది. ఆ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు పడితే, తిరిగి వెళ్లడానికి దారి లేని కరెంటు పక్క బల్బుల తీగల్లోంచి వెనక్కి నడిచి, ముందరి దీపాల ఎర్త్‌నో మరోదాన్నో వెతుక్కుంటుంది. అప్పుడు ఇండికేటర్ వేస్తే టెయిల్ ల్యాంపు వణకడం, బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, హెడ్‌లైట్లు వేస్తే ఇండికేటర్ వేగం మారడం వంటి వింతలన్నీ కనిపిస్తాయి. ఇన్ని వింతలు ఒకేసారి కనిపించగానే వైరింగ్ కిట్ మొత్తం పోయిందనుకుని భయపడనవసరం లేదు. తరచుగా వాటన్నింటికీ మూలం ఒక్క బోల్టే. టెయిల్ ల్యాంపు వెనుక బాడీకి బిగించిన ఉంగరం లాంటి టెర్మినల్‌ను విప్పి, దాని కింది లోహాన్ని మెరిసేదాకా గీకి, గట్టిగా బిగించి, పైన పలుచగా గ్రీజు లేదా వ్యాజిలీన్ రాయండి. విప్పే ముందు నిర్ధారించుకోవాలంటే హోల్డరు ఎర్త్ నుంచి ఒక విడి వైరును నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలపండి. వింతలన్నీ ఒక్కసారిగా మాయమైతే అనుమానం నిజమే.

మూడో మెట్టు: ఫ్యూజు

ఫ్యూజు పెట్టె ఒకటి డ్రైవరు మోకాలి దగ్గర డ్యాష్‌బోర్డు కింద, మరొకటి బానెట్ కింద ఉంటుంది. ఏ ఫ్యూజు దేనికన్నది మూత లోపలి పటంలోనో కారుతో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. చాలా కార్లలో ఇండికేటర్ ఫ్యూజుతోనే మరికొన్ని పరికరాలు కూడా నడుస్తాయి గనుక, ఇండికేటర్‌తో పాటు ఇంకేదైనా ఆగిపోయిందేమో గమనిస్తే ఫ్యూజు సంగతి ముందే తెలిసిపోతుంది. ఫ్యూజును ఊడదీయకుండానే దాని నెత్తిమీది రెండు చిన్న లోహపు చుక్కలకు మీటరు తగిలించి చూడవచ్చు: ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా రెండింటి దగ్గరా 12 వోల్టులు ఉంటే మంచిది, ఒకదాని దగ్గరే ఉంటే పోయింది.

పోయిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్లది వేయాలి. బ్లేడు ఫ్యూజుల్లో 10 ఆంపియర్లది ఎరుపు, 15 నీలం, 20 పసుపు. పెద్దది వేయడం, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టడం, రాగి తీగ కట్టడం వంటివి చేస్తే ఈసారి ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

కొత్త ఫ్యూజు వెంటనే పోతే ఎక్కడో షార్ట్ ఉంది. అది ఇగ్నిషన్ ఆన్ చేయగానే పోయిందా, ఎడమవైపు వేస్తేనా, కుడివైపు వేస్తేనా అన్నది గుర్తుపెట్టుకోండి. ఎడమవైపు వేస్తే పోయిందనుకుందాం. ఎడమవైపు బల్బులన్నీ తీసేసి, ఫ్యూజు స్థానంలో మన 21 వాట్ల టెస్ట్ ల్యాంపును కలిపి, ఎడమవైపు ఇండికేటర్ వేయండి. షార్ట్ ఇంకా ఉంటే ల్యాంపు పూర్తి వెలుగుతో కొట్టుకుంటుంది, కానీ ఏదీ కాలదు, ఎందుకంటే ఆ బల్బే కరెంటును 1.75 ఆంపియర్లకు కట్టడి చేస్తుంది. ఇప్పుడు తాపీగా డిక్కీ మూత దగ్గరి రబ్బరు గొట్టంలోని వైర్లను, టెయిల్ ల్యాంపు వెనుక వైర్లను, బంపర్ పక్కనున్నవాటిని ఒక్కొక్కటిగా కదిలిస్తూ వెళ్లండి. ఏ చోట కదిలించినప్పుడు ల్యాంపు ఆరిపోతుందో అక్కడే వైరు తోలు ఊడి బాడీకి తగులుతోంది. ఫ్యూజులు వరుసగా కాల్చుకుంటూ వెతకడం కంటే ఈ పద్ధతి ఎంతో నయం.

నాలుగో మెట్టు: ఫ్లాషర్ రిలే

ఇండికేటర్ వేసినప్పుడు వినిపించే టిక్కు టిక్కు శబ్దం ఒకప్పుడు ఈ రిలే లోపలి కాంటాక్టులదే కాబట్టి, శబ్దాన్ని బట్టి అది డ్యాష్‌బోర్డు కింద ఎక్కడుందో కనుక్కోవచ్చు. దీపాలతో పాటు శబ్దం కూడా ఆగిపోతే ఫ్యూజు పెట్టె చుట్టూ, స్టీరింగ్ కింద వెతకాలి. మూడు పిన్నుల రిలే మీద జపాన్ తరహా కార్లలో బి, ఎల్, ఇ అన్న అక్షరాలు, యూరప్ తరహా వాటిలో 49, 49ఎ, 31 అన్న అంకెలు ఉంటాయి. మొదటిది కరెంటు వచ్చేది, రెండవది లివరుకు వెళ్లేది, మూడవది ఎర్త్.

రిలేను ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, సాకెట్‌లో మొదటి పిన్ను దగ్గర 12 వోల్టులు ఉన్నాయో లేదో, మూడో పిన్నుకు ఎర్త్ అందుతోందో లేదో చూడండి. మొదటి పిన్నుకు కరెంటే రాకపోతే రిలే నిర్దోషి. వెనక్కి హజార్డ్ స్విచ్ వైపు వెళ్లాలి. కరెంటు ఉంటే, మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న చిన్న వైరుతో మొదటి, రెండో పిన్నులను కలిపి, లివరు ఎడమకు వేయండి. ఎడమవైపు బల్బులు కొట్టుకోకుండా నిలకడగా వెలిగితే రిలే తప్ప మిగిలినదంతా బాగున్నట్టే. ఇప్పుడు రిలే కొనండి. పిన్నుల సంఖ్య, అమరిక, పైన ముద్రించిన వాట్లు పాతదానితో సరిపోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో పాత రిలే చూపిస్తే జోడీ దొరకడం కష్టమేమీ కాదు.

ఐదో మెట్టు: హజార్డ్ స్విచ్, లివరు

నా అనుభవంలోని ఆ ఎర్ర త్రికోణం దగ్గరకు వచ్చాం. ఇంజిన్ ఆపి, ఎడమ ఇండికేటర్ వేసి ఉంచి, హజార్డ్ బటన్‌ను పదిహేను ఇరవైసార్లు గట్టిగా నొక్కి వదలండి. మధ్యలో ఎప్పుడైనా ఇండికేటర్ ప్రాణం పోసుకుంటే లోపల కాంటాక్టుల మీద పొర పట్టిందని అర్థం. అది కొన్నాళ్లు పనిచేసి మళ్లీ ఆగిపోతుంది కాబట్టి, స్విచ్ మార్చడం వాయిదా వేయకండి. వాన పడుతున్న రాత్రి హైవే మీద అది మొరాయిస్తే మీకే ఇబ్బంది.

లివరు మన మారుతి, హ్యుందాయ్, టాటా కార్లలో సాధారణంగా కుడివైపు, వోక్స్‌వ్యాగన్, స్కోడా కార్లలో ఎడమవైపు ఉంటుంది. లివరును కొద్దిగా పైకీ కిందికీ ఒత్తిపట్టినప్పుడు మాత్రమే ఇండికేటర్ వెలుగుతుంటే లోపలి కాంటాక్టులు అరిగాయి. స్టీరింగ్ కింది కప్లరు దగ్గర టెస్ట్ ల్యాంపుతో చూస్తే, రిలే నుంచి వచ్చే వైరులో కరెంటు ఉండి, ఎడమకు లేదా కుడికి వెళ్లే వైరులో లేకపోతే స్విచ్చే దోషి. మలుపు తిరిగాక లివరు తనంతట తాను వెనక్కి రాకపోవడం మాత్రం కరెంటు లోపం కాదు. స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ లివరును వెనక్కి తోసే చిన్న ప్లాస్టిక్ కొమ్ము విరిగి ఉంటుంది.

ఇంకెవరో వేసిన వైర్లు, ఎలుకలు కొరికిన వైర్లు

పైన చెప్పినవన్నీ చూసినా లోపం దొరక్కపోతే, లేదా ఎడమవైపు వేస్తే రెండు వైపులా కొట్టుకోవడం వంటి అర్థంకాని లక్షణం కనిపిస్తే, కారు కొన్న తర్వాత బయట ఏమేం అమర్చారో గుర్తుచేసుకోండి. రిమోట్ సెంట్రల్ లాకింగ్ వేయించినప్పుడు బటన్ నొక్కగానే ఇండికేటర్లు ఒకసారి వెలుగుతాయి కదా. ఆ వెలుగు కోసం బిగించేవారు ఎడమ, కుడి ఇండికేటర్ వైర్లను రెండింటినీ కోసి ఆ పెట్టెకు కలుపుతారు. ఆ అతుకు చాలాసార్లు మెలిపెట్టి టేపు చుట్టినదే అయి ఉంటుంది. నాలుగు ఎండాకాలాలకు టేపు జిగురు కరిగి జారిపోతుంది, వైరు వదులవుతుంది, లేదా పెట్టె లోపలి రిలే అతుక్కుపోయి రెండు వైపులనూ కలిపేస్తుంది. ఆ పెట్టె కప్లరును ఊడదీసి ఇండికేటర్ వేసి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

ఇక ఎలుకలు. వరి చేల పక్క ఇళ్లలోనూ, అపార్ట్‌మెంట్ సెల్లార్లలోనూ నిలిపే కార్లకు ఇది నిత్యం ఉన్న గొడవే. బానెట్ కింద హెడ్‌లైట్ వెనుక, చక్రం గూటి లోపల టార్చి వేసి తోలు ఊడిన వైర్ల కోసం చూడండి. మూసుకునే సైడ్ అద్దాల్లో ఇండికేటర్ ఉంటే అద్దం మడత దగ్గర, డిక్కీ మూత మీద దీపం ఉంటే మూత కీలు దగ్గర, వైర్లు ఏళ్ల తరబడి వంగి వంగి లోపలే తెగుతాయి. పైన తోలు మాత్రం చెక్కుచెదరదు. తెగిన వైరును టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, అసలు వైరు మందానికి తగ్గని వైరుతోనే అతకాలి.

ఎల్‌ఈడీ బల్బులు వేశాక వేగం పెరిగితే

21 వాట్ల బల్బు చోట మూడు నాలుగు వాట్ల ఎల్‌ఈడీ పెడితే, ఫ్లాషర్‌కు అది పోయిన బల్బులాగే కనిపించి వేగం పెంచుతుంది. దీనికి మందుగా బల్బుతో సమాంతరంగా 6 ఓమ్‌ల, 50 వాట్ల రెసిస్టర్ కలపమంటారు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 వోల్టుల దగ్గర అది వెలిగిన ప్రతి క్షణం దాదాపు 30 వాట్ల వేడి పుట్టిస్తుంది. వైర్ల గుత్తికో ప్లాస్టిక్ బంపరుకో కట్టి వదిలేస్తే దాన్ని కరిగించేస్తుంది. వేయక తప్పదంటే బాడీ లోహానికి స్క్రూతో బిగించాలి. విడి రిలే ఉన్న పాత కారులో ఎల్‌ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చడం ఇంతకంటే చక్కని దారి. కొత్త కారులో అయితే కంపెనీ ఇచ్చిన మామూలు బల్బునే తిరిగి పెట్టమని నా సలహా. కరెంటు ఆదా చేయడానికి పెట్టిన దీపానికి, కరెంటు వృథా చేసే రెసిస్టర్‌ను జత చేయడంలో అర్థం లేదు.

మాడ్యూల్ ఉన్న కొత్త కార్లలో

కొత్త కార్లలో విడి ఫ్లాషర్ ఉండదు. లివరు బాడీ కంట్రోల్ మాడ్యూల్‌కు ఒక కబురు మాత్రమే పంపుతుంది. దీపాలను కొట్టించేది మాడ్యూలే, టిక్కు టిక్కు శబ్దం సైతం చాలా కార్లలో డ్యాష్‌బోర్డు మీటరు వెనుక చిన్న స్పీకరు చేసేదే. కాబట్టి రిలే పిన్నులను వైరుతో కలిపే పద్ధతిని ఇక్కడ ఎంతమాత్రం వాడకూడదు. మాడ్యూల్ కాలిపోతే ఖర్చు వేలల్లో ఉంటుంది. బల్బు, హోల్డరు, ఎర్త్, ఫ్యూజుల వరకు పైన చెప్పినవన్నీ యథాతథంగా వర్తిస్తాయి. హజార్డ్, లివరు పోలికా ఇక్కడ పనికొస్తుంది: హజార్డ్‌లో అన్నీ వెలిగి, లివరు వేస్తే డ్యాష్‌బోర్డు బాణమే కనిపించకపోతే లివరు కబురు మాడ్యూల్‌కు చేరడం లేదు. బాణం కనిపించి ఒక దీపం వెలగకపోతే ఆ దీపాన్ని, దాని వైరును చూడాలి. అక్కడి నుంచి ముందుకు వెళ్లాలంటే బాడీ మాడ్యూల్ కోడ్‌లు చదివే స్కానర్ కావాలి; ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చూపే చవక పరికరం దీనికి చాలదు. ఎల్‌ఈడీలు దీపంలోనే అమర్చి వచ్చిన కార్లలో బల్బు విడిగా దొరకదు, సాధారణంగా దీపం మొత్తాన్నీ మార్చాలి.

బాగయ్యేలోగా, బాగయ్యాక

విడిభాగం వచ్చేవరకు కారు తీయక తప్పకపోతే, పగటిపూట మాత్రమే తీసి, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని మరిచిపోయిన చేతి సంకేతాలను వాడండి. కుడికి తిరగాలంటే కుడి చేతిని కిటికీ బయటికి, అరచేయి ముందుకు ఉండేలా అడ్డంగా చాపాలి. ఎడమకు తిరగాలంటే అదే చేతిని చాపి అపసవ్యంగా గుండ్రంగా తిప్పాలి. చీకటి పడ్డాక ఇవి ఎవరికీ కనిపించవు. హజార్డ్ వేసుకుని నడపడం కూడా పరిష్కారం కాదు, ఎటు తిరుగుతున్నారో వెనుకవారికి దానివల్ల తెలియదు.

మరమ్మతు పూర్తయ్యాక గడియారం చూస్తూ ఒక నిమిషంలో ఎన్నిసార్లు కొట్టుకుంటోందో లెక్కపెట్టండి. 60 నుంచి 120 మధ్య ఉండాలి. తోడు ఎవరూ లేకపోతే సాయంత్రం పూట ఒక గోడ ముందు, తర్వాత దానికి వెనుదిరిగి కారు నిలిపి, గోడ మీద పడే వెలుగును చూసుకోవచ్చు. ఎడమ, కుడి, హజార్డ్ మూడింటినీ ఒకసారి మామూలుగా, ఒకసారి హెడ్‌లైట్లు వేసి, చివరగా బ్రేకు తొక్కిపట్టి పరీక్షించండి. బ్రేకు తొక్కినప్పుడు ఇండికేటర్ వేగం గానీ వెలుగు గానీ మారితే, మళ్లీ డిక్కీ తెరిచి ఆ ఎర్త్ బోల్టును ఇంకోసారి బిగించండి.